శుక్లం ఆపరేషన్ తరువాత ఆరు వారాలు: ఇంటి దగ్గర కంటిని కాపాడుకునే పద్ధతి

కంటిలోని శుక్లాన్ని తీసి లెన్సు అమర్చే ఆపరేషన్ సాధారణంగా 15, 20 నిమిషాల్లో పూర్తవుతుంది, చాలామంది అదే రోజు ఇంటికి వచ్చేస్తారు. ఆ తరువాతి ఆరు వారాల పని మాత్రం ఇంట్లోవాళ్ళ చేతుల్లో ఉంటుంది. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో మా అమ్మగారికి ఏడాది తేడాతో రెండు కళ్ళకూ ఈ ఆపరేషన్ జరిగింది. మొదటి కంటికి మేము కొన్ని పొరపాట్లు చేశాము. వాటి నుంచి నేర్చుకున్నది రెండో కంటికి పనికివచ్చింది. అందుకే ఏ పని ఎందుకు చేయాలో, ఏ భయం అనవసరమో వివరంగా రాస్తున్నాను. మీ డాక్టరుగారు ఇచ్చిన కాగితానికీ ఇక్కడ రాసినదానికీ ఎక్కడైనా తేడా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి. మధుమేహం, నీటికాసులు, అంతకుముందే ఏదైనా కంటి జబ్బు ఉన్నవారికి నియమాలు కొంత మారుతాయి.

ముందుగా ఆ కంటికి ఏం జరిగిందో తెలుసుకోండి

నల్లగుడ్డు అంచున చిన్న కోత పెట్టి, మసకబారిన సహజ లెన్సును దాని పొర సంచిలో నుంచి తీసి, అదే సంచిలో కృత్రిమ లెన్సును అమర్చుతారు. శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేసే ఫేకో పద్ధతిలో ఈ కోత 3 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. క్యాంపుల్లోనూ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఎక్కువగా చేసే చిన్న కోత పద్ధతిలో 6, 7 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. రెండింటిలోనూ చాలావరకు కుట్లు వేయరు. కోతను వాలుగా పెడతారు కాబట్టి లోపలి నుంచి కంటి ఒత్తిడే దాని పెదవులను దగ్గరగా నొక్కి పట్టుకుంటుంది. ఆ గాయం గట్టిగా అతుక్కునేదాకా కన్ను నలపడం, మురికి నీళ్ళు లోపలికి పోవడం, కంటి మీద ఒత్తిడి పెరగడం అనే మూడింటి నుంచి దానిని కాపాడాలి. కింద చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువభాగం ఈ మూడింటికి సంబంధించినవే. ఈ సంగతి తెలిస్తే, కాగితంలో రాయని సందర్భం ఎదురైనప్పుడు కూడా ఏం చేయాలో మీకే తోస్తుంది.

ఆపరేషన్ ముందు రోజు చేసుకోవలసినవి

తలస్నానం ముందు రోజే చేయించండి. మళ్ళీ చేయడానికి 10, 15 రోజులు పట్టవచ్చు. పక్క గుడ్డలు, దిండు గలీబులు ఉతికి ఎండలో ఆరేసినవి వేయండి. మంచానికి నేరుగా తగిలే కూలరు గాలి కంటిని ఎండగొడుతుంది, అందువల్ల మంచాన్ని కొంచెం పక్కకు జరపండి. రాత్రి లేచి బాత్‌రూముకు వెళ్ళే దారిలో పీటలు, బిందెలు, కాలికి తగిలే చాపలు లేకుండా చూడండి. ఒక కంటి మీద ప్లాస్టిక్ కప్పు పెట్టుకున్న పెద్దవాళ్ళకు మెట్టు ఎంత లోతుందో తెలియదు, ఆ వయసులో పడిపోవడం కంటి గాయం కంటే పెద్ద ప్రమాదం.

బీపీ, మధుమేహం మందులను, రక్తం పలుచబడే మందులను మీ అంతట మీరు ఆపవద్దు. ఏది ఉదయం వేసుకోవాలో, ఏది ఆపాలో ఆసుపత్రిలోనే అడిగి రాయించుకోండి.

మొదటి రోజు, రెండో రోజు

మత్తు ఇంజక్షన్ ఇచ్చినవారికి సాయంత్రం వరకు రెప్ప బరువుగా వాలిపోయి ఉండవచ్చు, ఒకటి రెండుగా కనిపించవచ్చు. మత్తు దిగాక కంట్లో ఇసుక పడినట్టు గరగరలాడుతుంది, నీళ్ళు కారతాయి. ఇది మామూలే. డాక్టరు రాసిన నొప్పి మాత్ర ఒకటి వేస్తే తగ్గిపోయే పాటి బాధే ఉండాలి. ఆసుపత్రివారు వేసిన కట్టును ఇంట్లో విప్పకండి. మరుసటి రోజు వారే విప్పి, కంటి ఒత్తిడినీ గాయాన్నీ పరీక్షించి, చుక్కలు ఎప్పటి నుంచి వేయాలో చెబుతారు. కన్ను బాగానే ఉంది కదా అని ఆ మొదటి పరీక్షకు వెళ్ళడం మానవద్దు. ఒత్తిడి పెరిగినా బయటికి ఏమీ తెలియని రోగులు ఉంటారు.

కట్టు విప్పగానే లోకం తేటగా కనిపిస్తుందని చాలామంది ఆశపడతారు. కొందరికి అలాగే జరుగుతుంది. శుక్లం బాగా ముదిరి గట్టిపడినవారికి నల్లగుడ్డు కొంచెం వాచి, మూడు నాలుగు రోజులు పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తుంది. తెలుపు నీలం కలిసినట్టు అగుపించడం కూడా సహజమే, ఎందుకంటే ఇన్నాళ్ళూ పసుపు తిరిగిన లెన్సులో నుంచి చూసిన కన్ను అది. మా అమ్మగారు మొదటి రోజు తన తెల్లచీరను చూసి, నీలిమందు ఎక్కువ పెట్టారని పనిమనిషిని అడిగారు.

చుక్కలు వేసే పద్ధతి

ఇంట్లో మనం చేసే అన్ని పనుల్లోకీ ముఖ్యమైనది ఇదే, ఎక్కువ తప్పులు జరిగేది కూడా ఇక్కడే. మొదటిసారి మాకు ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో అన్నీ పొట్టి అక్షరాలే ఉన్నాయి, ఎవరూ విడమరిచి చెప్పలేదు. మేము రెండు సీసాల చుక్కలనూ వెంటవెంటనే వేశాము. వారం తరువాత పరీక్షలో వాపు తగ్గవలసినంత తగ్గలేదని డాక్టరుగారు మందు వేసే తీరు అడిగి తెలుసుకున్నారు. రెండో చుక్క మొదటి చుక్కను కడిగేస్తుందని మాకు అప్పుడే తెలిసింది. కంటి రెప్పల మధ్య పట్టే ద్రవం ఒక్క చుక్క కంటే తక్కువ. అందువల్ల ఒక మందుకు ఒక చుక్క చాలు, రెండో చుక్క చెంప మీదికి కారిపోతుంది.

ముందు చేతులు సబ్బుతో కడుక్కుని శుభ్రమైన గుడ్డతో తుడుచుకోండి. పాలలా తెల్లగా ఉండే మందైతే సీసాను బాగా కుదపండి, లేకపోతే మందు అడుగున పేరుకుని పైనున్న నీరు మాత్రమే కంట్లో పడుతుంది. రోగిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి, లేదా కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చోబెట్టి పైనున్న ఫ్యానును చూడమనండి. మీ చూపుడువేలితో కింది రెప్పను చెంప ఎముక వైపు మెల్లగా లాగితే రెప్ప లోపల చిన్న సంచిలా ఏర్పడుతుంది. చుక్క పడవలసింది అందులోనే. పై రెప్పను ఎత్తవద్దు, కనుగుడ్డును నొక్కవద్దు. సీసా మూతి రెప్పకు గాని వెంట్రుకలకు గాని తగలకుండా ఒక అంగుళం పైన పట్టుకుని ఒక్క చుక్క వదలండి. మూతి ఒకసారి తగిలిందంటే ఆ సీసాలోకి సూక్ష్మక్రిములు చేరే వీలుంటుంది, తరువాత ప్రతి చుక్కతోనూ అవి కంట్లో పడతాయి.

చుక్క పడ్డాక కన్ను గట్టిగా బిగించకుండా, రెప్పలు అల్లార్చకుండా రెండు నిమిషాలు మెల్లగా మూసుకుని ఉండమనండి. చెంప మీదికి కారినదానిని శుభ్రమైన దూదితో చెంప దగ్గరే అద్దండి, కంటి దాకా తుడవవద్దు. రెండో మందుకు కనీసం 5 నిమిషాలు ఆగండి, 10 నిమిషాలైతే ఇంకా మంచిది. ఆయింట్‌మెంట్ కూడా రాసి ఉంటే అది చివర వేయాలి, ముందే వేస్తే ఆ జిడ్డు మీద చుక్క నిలవదు.

సాధారణంగా లోపలి వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలను మొదటి వారం రోజుకు ఆరుసార్లు మొదలుపెట్టి, వారం వారం తగ్గిస్తూ నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆపుతారు. ఆరుసార్లు అంటే ఉదయం 7, 10, మధ్యాహ్నం 1, సాయంత్రం 4, రాత్రి 7, 10 గంటలు అని పెట్టుకుంటే గుర్తుంటుంది. కన్ను ఎర్రదనం తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే లోపలి వాపు మళ్ళీ తిరగబెడుతుంది. సుఖంగా ఉంది కదా అని చెప్పిన గడువు దాటాక మెడికల్ షాపులో మళ్ళీ కొని వాడితే కొందరికి కంటి ఒత్తిడి పెరిగి, చూపుకే నష్టం జరుగుతుంది. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి, రెండు పూటలవి కలిపి వేయవద్దు.

సీసా తెరిచిన తేదీని దాని మీదే రాయండి, నెల దాటాక అందులో మందు మిగిలినా పారేయండి. ఇంట్లో చెవి చుక్కల సీసాలు, నాన్నగారి నీటికాసుల మందు, పిల్లల ముక్కు చుక్కలు ఉంటే వాటిని వేరే గదిలో పెట్టండి. సీసాలన్నీ ఒకేలా ఉంటాయి, రాత్రి 10 గంటలకు నిద్రకళ్ళతో తీసేవాళ్ళకు తేడా తెలియదు. మేము రెండోసారి ఉదయం నుంచి రాత్రి దాకా వాడే సీసాకు ఎర్ర రబ్బరు బ్యాండు, రెండు పూటలే వేసే సీసాకు పచ్చ బ్యాండు చుట్టి, వేసిన ప్రతిసారీ గోడ మీది కాగితంలో టిక్కు పెట్టాము. విజయవాడ, గుంటూరు ఎండల్లో మే నెలలో గదిలోనే 40 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి సీసా అట్ట మీద రాసిన ఉష్ణోగ్రతను చూసి ఫ్రిజ్ తలుపులో పెట్టాలో వద్దో నిర్ణయించుకోండి.

రెప్పలు శుభ్రం చేయడం

ఉదయానికి రెప్పల అంచున పుసులు కట్టడం మామూలే. గిన్నెలో నీళ్ళు, దూది ఉండలు వేసి పది నిమిషాలు మరిగించి మూతపెట్టి చల్లారనివ్వండి. కన్ను మూయించి, పిండిన దూదితో ముక్కు వైపు నుంచి చెవి వైపు ఒకసారి తుడిచి ఆ దూది పారేయండి. అదే దూదిని రెండోసారి వాడవద్దు. చీర కొంగు, కండువా, చేతిరుమాలు కంటి దగ్గరికి రాకూడదు.

తేనె, ఆముదం, నందివర్ధనం పూల రసం, తల్లిపాలు, కాటుక వంటివి ఎవరు ఎంత ప్రేమతో చెప్పినా కంట్లో వేయవద్దు. ఆపరేషన్ కాని కంటికే అవి ప్రమాదం, కోత ఉన్న కంట్లో వేస్తే చూపు పోయేంత చీము పట్టవచ్చు.

ప్రతి ఉదయం ఒక నిమిషం పరీక్ష

ఈ పద్ధతిని ప్రతి ఇంట్లోనూ పాటించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. రెండు కళ్ళూ తెరిచి చూస్తే బాగున్న కన్ను రెండో కంటి లోపాన్ని కప్పేస్తుంది, చూపు తగ్గుతున్నా రోగికే తెలియదు. అందుచేత ఆరో వారం దాకా ప్రతి ఉదయం మొదటి చుక్కలకు ముందు, అదే కుర్చీలో, అదే వెలుతురులో కూర్చోబెట్టి, ఆపరేషన్ కాని కంటిని అరచేతితో తగలకుండా కప్పమని, గోడ మీది క్యాలెండరును చూడమనండి. మా ఇంట్లో ఆ కుర్చీ కాళ్ళ చోటు నేల మీద సుద్దముక్కతో గీసి పెట్టుకున్నాము. మొదటి రోజు అమ్మగారికి తేదీ అంకె ఎర్రటి మచ్చలా కనిపించింది. మూడో రోజు అది 17 అని చదివారు. ఐదో రోజుకు దాని కింద వారం పేరు చదివారు. వర్జ్యం, రాహుకాలం అక్షరాలు మాత్రం కళ్ళజోడు వచ్చేదాకా అందలేదు, అది సహజమే.

నిన్న చదివినది ఈరోజు చదవలేకపోతే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చూపు నెమ్మదిగా పెరగడమో ఒకచోట నిలవడమో జరగాలి గాని వెనక్కి పోకూడదు. పరీక్ష చేసిన ప్రతి రోజూ కనిపించినదానిని చుక్కల కాగితంలోనే ఒక్క మాట రాస్తే డాక్టరుగారికి కూడా ఎంతో ఉపయోగపడుతుంది.

నీళ్ళు, బరువులు, వంటిల్లు, వీధి

మెడ కింద నుంచి స్నానం మొదటి రోజు నుంచే చేయవచ్చు. ముఖం మీద నీళ్ళు చల్లుకోకుండా తడిగుడ్డతో నుదురు, చెంపలు తుడుచుకుంటే చాలు. డాక్టరు అనుమతించాక మొదటి తలస్నానం తల వెనక్కి వాల్చి, ఇంకొకరు పోస్తుండగా చేయాలి. కుంకుడు రసం ఒక్క బొట్టు పడినా మంటకు కన్ను నలిపేస్తారు కాబట్టి ఆ నెల దానిని పక్కన పెట్టండి. కార్తీకంలో కృష్ణ స్నానమైనా, చెరువు, ఈత కొలను అయినా కనీసం నెల రోజులు వద్దు. ఇంద్రకీలాద్రికి వెళితే దూరం నుంచి దండం పెట్టుకోవచ్చు, సాష్టాంగ నమస్కారం, రద్దీలో ఎగిరే కుంకుమ మాత్రం మొదటి రెండు వారాలు వద్దు.

ముగ్గు వేయడం, కళ్ళాపి చల్లడం, మంచం కిందికి తల వంచి చెప్పులు వెతకడం వంటి పనుల్లో తల నడుము కంటే కిందికి పోతుంది, కంటి మీద ఒత్తిడి పెరుగుతుంది. నీళ్ళ బిందె, బియ్యం బస్తా, మనవడు, ఈ మూడింటినీ ఎత్తవద్దని ముందే చెప్పి ఉంచండి. మనవడిని కూర్చున్నాక ఒళ్ళో వేసినా, వాడి చేతులు అమ్మమ్మ ముఖానికి అందకుండా చూడాలి. మలబద్ధకంతో ముక్కడం, గట్టి దగ్గు కూడా బరువు ఎత్తడం లాంటివే, కాబట్టి ఆకుకూరలు, పండ్లు, నీళ్ళు ఎక్కువ ఇచ్చి, దగ్గుకు మందు వేయించండి. తుమ్ము వస్తే ముక్కు మూయకుండా నోరు తెరిచి తుమ్మనివ్వాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కష్టం మిరప ఘాటు. ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గాలిలోనే ఘాటు ఉంటుంది. అటు వెళ్ళే పని ఉంటే ఇంకొకరిని పంపండి. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ కోసం కారం, ఆవపిండి కలిపే రోజున ఆపరేషన్ అయినవారిని వేరే గదిలో ఉంచి తలుపు వేయండి. కారం ముట్టిన చేతులతో ఇంట్లోవాళ్ళు చుక్కలు వేయకూడదు, సబ్బుతో ఒకసారి కడిగినా వేలి గోళ్ళలో మంట మిగిలే ఉంటుంది. పోపు పొగ దగ్గరా, పొయ్యి సెగ దగ్గరా రెండు వారాలు నిలబడకుండా ఉంటే మేలు.

బయటికి వెళ్ళేటప్పుడు పక్కలు మూసి ఉండే నల్లద్దాలు పెట్టుకోవాలి. తెరిచిన ఆటోలో జాతీయ రహదారి మీద దుమ్ము కొడుతుంది, బండి వెనుక కూర్చుంటే గాలి నేరుగా తగులుతుంది. పరీక్షకు విజయవాడ నుంచి గుంటూరుకో, గుంటూరు నుంచి విజయవాడకో వెళ్ళవలసినవారు బస్సులో కిటికీకి అవతలి పక్క కూర్చోవడం మంచిది. రాత్రి పడుకునేటప్పుడు ప్లాస్టిక్ కప్పును టేపుతో అంటించాలి, ఎందుకంటే నిద్రలో చేయి ఎక్కడికి పోతుందో మనకు తెలియదు. కప్పును రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టండి. కనీసం వారం పాటు వెల్లకిలా గాని, బాగున్న కంటి వైపు తిరిగి గాని పడుకోవాలి.

టీవీ చూడడం, పేపరు చదవడం, ఫోనులో మాట్లాడడం వల్ల లెన్సు జారదు. అలసట అనిపిస్తే ఆపితే చాలు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తింటే దురద వస్తుందని పెట్టే పథ్యాలకు ఆధారం లేదు. ఉన్న ఒకే పథ్యం మధుమేహం ఉన్నవారికి చక్కెర అదుపు, ఎందుకంటే చక్కెర ఎక్కువగా ఉంటే గాయం మానడం ఆలస్యమై, ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది.

ఏ లక్షణాలకు ఆగకూడదు

మాత్ర వేసినా తగ్గకుండా పెరిగే నొప్పి, చూపు తగ్గడం, ఎర్రదనం పెరగడం, రెప్పలు వాచడం, చీములాంటి పుసులు కారడం కంటి లోపల ఇన్‌ఫెక్షన్‌కు గుర్తులు. ఇది చాలా అరుదు, కానీ వచ్చేవారికి ఎక్కువగా మొదటి వారంలోనే వస్తుంది. అప్పుడు కంటి లోపలికే మందు ఇంజక్షన్ ఇవ్వవలసి ఉంటుంది, గంటల తేడాతో చూపు దక్కడమో పోవడమో జరుగుతుంది. కంటి నొప్పితో పాటు తలనొప్పి, వాంతులు ఉంటే ఒత్తిడి పెరిగి ఉండవచ్చు. మెరుపులు మెరిసినట్టు కనిపించడం, హఠాత్తుగా నల్లచుక్కలు గుంపుగా తేలడం, ఒక పక్క నుంచి తెర దిగినట్టు చీకటి కమ్మడం రెటీనా, అంటే కంటి వెనుక ఉండే చూపు పొర, ఊడుతున్న గుర్తులు. ఇవి నెలల తరువాత వచ్చినా అంతే తొందరగా వెళ్ళాలి.

ఇలాంటప్పుడు ఆర్ఎంపీ దగ్గరికో, మందుల షాపుకో వెళ్ళి చుక్కలు మార్చి చూడడంలో ఒక రోజు పోతుంది. ముందు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోను చేసి బయలుదేరండి. అది దూరమైతే దగ్గరలోని పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్ళండి. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి, రెండు ఊళ్ళలోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి. డిశ్చార్జి కాగితం, వాడుతున్న సీసాలు వెంట తీసుకువెళ్ళండి.

శుక్లానికి కాకుండా రెటీనాకు ఆపరేషన్ చేసి కంట్లో గ్యాసు నింపినవారికి మాత్రం నియమాలు పూర్తిగా వేరు. డాక్టరు చెప్పినన్ని రోజులు బోర్లా ఉండాలి. గ్యాసు కరిగేదాకా విమానం ఎక్కకూడదు, అరకు లాంటి ఎత్తయిన చోట్లకు పోకూడదు, ఎందుకంటే ఎత్తుకు పోయేకొద్దీ ఆ గ్యాసు వ్యాకోచించి కంటి ఒత్తిడిని ప్రమాదకరంగా పెంచుతుంది.

నెల దాటాక

నాలుగు నుంచి ఆరు వారాలకు కంటి పవరు స్థిరపడుతుంది, కళ్ళజోడుకు పరీక్ష అప్పుడే చేయించాలి. తొందరపడి రెండో వారంలో చేయించుకున్న అద్దాలు మళ్ళీ మార్చవలసి వస్తుంది. దూరపు చూపుకు మాత్రమే పనిచేసే లెన్సు వేయించుకున్నవారికి చదవడానికి అద్దాలు తప్పవు, అది ఆపరేషన్ లోపం కాదు. నాలుగు, ఆరు వారాల మధ్య కొందరికి, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారికి, రెటీనా మధ్యలో వాపు వచ్చి చూపు మసకబారవచ్చు. క్యాలెండరు పరీక్షను ఆరో వారం దాకా సాగించమనడానికి అది కూడా ఒక కారణం.

కొన్ని నెలలకో ఏళ్ళకో మళ్ళీ మసక కమ్మితే శుక్లం తిరిగి వచ్చిందని కంగారుపడతారు. తీసేసిన శుక్లం మళ్ళీ రాదు. లెన్సును పట్టుకుని ఉన్న సంచి వెనుక పొర మసకబారి ఉంటుంది. యాగ్ లేజరుతో కొన్ని నిమిషాల్లో దానికి చిన్న కిటికీ తెరుస్తారు, కోతగాని కట్టుగాని ఉండదు.

లెన్సు పేరు, పవరు ఉన్న స్టిక్కరునో కార్డునో ఆసుపత్రిలో అడిగి తీసుకుని, ఆధార్ కార్డు పెట్టే చోటే పెట్టండి. రెండో కంటికి ఆపరేషన్ చేసే డాక్టరు మొదట అడిగే కాగితం అదే.